కళ్ళు మూసుకుంటే తూలు ఎందుకొస్తోంది? నొక్కు, అదురు నరాలకు ఎలా తెలుస్తాయి?

గోదారిగట్టు

అందరికీ నమస్కారం. ప్రశ్న కొంచెం పొడుగు, ఓపిక పట్టండి. మా అమ్మకి షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది, మెట్‌ఫార్మిన్ వాడుతోంది. ఈ మధ్య పొద్దున్నే మొహానికి సబ్బు రాసుకుని కళ్ళు మూసుకోగానే తూలుతోంది, వాష్‌బేసిన్ పట్టుకుని నిలబడాల్సి వస్తోంది. కళ్ళు తెరిస్తే ఏమీ లేదు, మామూలుగా నడుస్తుంది, వంట చేస్తుంది. బీపీ ఏమో అనుకున్నాం, అది బాగానే ఉంది. డాక్టర్ గారు కళ్ళ జోలికీ చెవుల జోలికీ పోకుండా ఒక ట్యూనింగ్ ఫోర్క్ తీసి, అరచేతికి కొట్టి, అది అదురుతుండగానే కాలి బొటనవేలి ఎముక మీద పెట్టి "తెలుస్తోందా అమ్మా?" అని అడిగారు. అమ్మ "చల్లగా ఉంది బాబూ" అంది. అదురు మాత్రం తెలియలేదట. అదే ఫోర్క్ చేతి మణికట్టు దగ్గర పెడితే జివ్వుమంది. ఏవో రక్త పరీక్షలు రాశారు, రిపోర్టులు రావాలి.

నాకు అంతు చిక్కనిది ఏంటంటే, మొహం కడుక్కుంటే తూలడానికీ బొటనవేలికి అదురు తెలియకపోవడానికీ సంబంధం ఏంటి? ఇంకోటి, చల్లదనం తెలిసినప్పుడు అదురెందుకు తెలియదు, రెండూ అదే చర్మం కదా? అసలు ఒక నొక్కుడు కరెంటుగా మారేది ఎక్కడ? నేను సివిల్ ఇంజనీర్‌ని, బయాలజీ టెన్త్‌తోనే వదిలేశా, కాబట్టి కాస్త విడమరిచి చెప్పండి.

అనుమానాలపుట్ట

మంచి ప్రశ్న అన్నా. దీనికి నాదొకటి కలుపుకోండి. చీకట్లో పడుకుని కూడా వేలు పెట్టి సరిగ్గా ముక్కు కొస ముట్టుకుంటాం కదా. వేలూ కనపడట్లేదు, ముక్కూ కనపడట్లేదు. చెయ్యి ఎక్కడుందో మెదడుకి ఎవరు చెప్తున్నారు?

జువాలజీ_మాస్టారు

మీ ఇద్దరిదీ ఒకే ప్రశ్న నాయనా, రెండు వైపుల నుంచి అడిగారంతే.

నిలబడి ఉండడానికి మెదడుకి మూడు చోట్ల నుంచి కబురు అందుతుంది. ఒకటి కళ్ళు, రెండు లోపలి చెవి, మూడోది కాళ్ళూ కీళ్ళూ కండరాలూ. ఈ మూడోదాన్ని జనం లెక్కలోకే తీసుకోరు. కండరం ఎంత సాగింది, చీలమండ ఎంత వంగింది, అరికాలి మీద బరువు ముందుకి పడుతోందా వెనక్కి పడుతోందా అనే సమాచారం నిమిషం ఆగకుండా పైకి వెళ్తూనే ఉంటుంది. అది తగ్గిపోయినా కళ్ళు తెరిచి ఉన్నంతసేపు చూపుతో నెట్టుకొచ్చేస్తాం. సబ్బు రాసుకుని కళ్ళు మూశామా, ఉన్న ఆసరా కాస్తా పోతుంది. దీని మీదే రాంబర్గ్ పరీక్ష అని ఒకటుంది, రోగిని పాదాలు దగ్గరగా పెట్టి నిలబెట్టి కళ్ళు మూయిస్తారు. 19వ శతాబ్దంలో జర్మన్ వైద్యుడు మోరిట్జ్ రాంబర్గ్ వర్ణించిన లక్షణం, ఇప్పటికీ నరాల డాక్టర్లు రోజూ చేసేదే. దయచేసి ఇంట్లో అమ్మగారి మీద ప్రయోగం చెయ్యకండి, పడితే తుంటి ఎముక విరుగుతుంది.

ఇక చల్లదనం సంగతి. అదురునీ, కీళ్ళ స్థితినీ మోసేవి లావుపాటి, పైన మైలిన్ తొడుగున్న వేగమైన నరాలు, సెకనుకి దాదాపు 35 నుంచి 75 మీటర్లు. చలి, వేడి, నొప్పి ఎక్కువగా సన్న నరాల్లో వెళ్తాయి. వాటిలో తొడుగు లేనివి సెకనుకి మీటరు అటూ ఇటుగా నడుస్తాయి. వెన్నుపాములో కూడా రెండింటి దారులూ వేరు. కాబట్టి ఒకటి చెడి ఇంకోటి మిగలడం సాధ్యమే. మీ అమ్మగారు "చల్లగా ఉంది" అన్న ఆ ఒక్క మాటతోనే డాక్టర్‌కి సగం విషయం తెలిసిపోయి ఉంటుంది. ఆ ఫోర్క్ బహుశా 128 హెర్ట్జ్‌ది, పాదాల పరీక్షకి వాడేది అదే.

బొటనవేలే ఎందుకంటే, వేలి కొస నుంచి బయల్దేరిన ఆ నరం ఒకే ఒక్క కణం. నడుము దగ్గర వెన్ను పక్కన దాని కణదేహం ఉంటుంది, ఒక కొమ్మ కాలి వేలిదాకా దిగుతుంది, ఇంకో కొమ్మ వెన్నుపాములో పైకి పాకి మెదడు అడుగుభాగం వరకూ వెళ్తుంది. మొత్తం మీటరున్నర దాకా ఉంటుంది. ఒంట్లో ఇంత పొడుగు కణాలు ఇంకేవీ లేవు. షుగర్ వల్ల ముందు దెబ్బతినేది ఈ పొడుగువే. అందుకే పాదాల్లో మొదలై మేజోళ్ళు తొడిగినంత మేర పైకి వస్తుంది, చేతులకి చాలా ఆలస్యంగా తెలుస్తుంది.

పీహెచ్‌డీ_బాధితురాలు

మాస్టారు నరాల దారి చెప్పేశారు కాబట్టి నేను "నొక్కుడు కరెంటుగా మారేది ఎక్కడ" అన్నది అందుకుంటా. నేను చేస్తున్నది అయాన్ ఛానెళ్ళ మీదే (అంటే కణపొరలో కరెంటు మోసే అయాన్లకి దారిచ్చే ప్రోటీన్ రంధ్రాలు), ఈ టాపిక్ దొరికితే వదలను, ముందే చెప్తున్నా.

చూపు, వాసన, రుచి, వీటికి కణాల మీద ఏ ప్రోటీన్ పనిచేస్తుందో 20వ శతాబ్దం అయ్యేలోపే చాలా వరకు తెలిసిపోయింది. పాలిచ్చే జంతువుల్లో స్పర్శకి మాత్రం 2010 దాకా దొరకలేదు. కారణం ఏంటంటే మిగతావాటిలో ఒక రసాయనమో, కాంతిని పట్టే అణువో ఉంటుంది, దాన్ని పట్టుకుని వెనక్కి వెళ్ళొచ్చు. నొక్కుడుకి రసాయనం లేదు, ఉన్నదల్లా బలం. బలాన్ని సీసాలో పోసి కణం మీద చల్లలేం కదా.

కాలిఫోర్నియాలో లా హోయా దగ్గర స్క్రిప్స్ సంస్థ ఉంది. అక్కడ ఆర్డెమ్ పటపూటియన్ ల్యాబ్‌లో బెర్ట్రాండ్ కోస్ట్ అనే పోస్ట్‌డాక్ చేసిన పని ఇది. న్యూరో2ఏ అనే ఎలుక కణాల్ని తీసుకున్నారు. ఒక సన్నటి గాజు గొట్టాన్ని కణానికి అంటించి కరెంటు కొలుస్తుంటే, ఇంకో గాజు మొనతో పక్కనుంచి మైక్రాన్ల లెక్కన పొడుస్తారు. పొడిచినప్పుడల్లా కణంలో చిన్న కరెంటు పారుతోంది. అంటే నొక్కుని పట్టే ఛానెల్ ఏదో ఇందులో ఉంది. ఏ జీన్? అనుమానం ఉన్న 72 జీన్ల జాబితా రాసుకుని, ఒక్కోదాన్నీ నోరు మూయించి, మళ్ళీ పొడిచి చూడటం. మొదటిది మూశారు, కరెంటు వస్తోంది. రెండోది, వస్తోంది. అలా నెలల తరబడి. చివరికి 72వది మూసేసరికి కరెంటు పోయింది! జాబితాలో ఆఖరిది అండీ బాబూ. నేనైతే నలభైలోనే గైడ్‌కి మెయిల్ పెట్టేసి ఊరెళ్ళిపోయేదాన్ని.

దానికి పీజో1 అని పేరు పెట్టారు, దాని తోబుట్టువు పీజో2. 2010లో సైన్స్ పత్రికలో వచ్చింది. నొక్కుకి స్పందించని కణాల్లో ఈ జీన్ పెడితే అవీ స్పందించడం మొదలుపెట్టాయి. తర్వాత ఇంకా గట్టి రుజువు దొరికింది. పీజో1 ప్రోటీన్‌ని శుద్ధి చేసి, కణమే లేకుండా కేవలం కృత్రిమ కొవ్వు పొరలో కూర్చోబెట్టినా, పొర సాగితే తెరుచుకుంది. అంటే వేరే సాయం అక్కర్లేదు, పొరలో బిగువే దానికి సిగ్నల్. నరాల్లో స్పర్శకి, కండరాల సాగుకి ముఖ్యమైనది పీజో2. అమ్మగారి బొటనవేలి దగ్గర ఫోర్క్ అదురుని పట్టాల్సింది అదే.

డల్లాస్_బావ

2021 నోబెల్ కదా ఇది! డేవిడ్ జూలియస్, పటపూటియన్ ఇద్దరికీ కలిపి ఇచ్చారు. జూలియస్‌ది మిరపకాయ కారం. అందులో కారాన్నిచ్చే పదార్థం క్యాప్సైసిన్ పట్టుకుని 1997లో టీఆర్‌పీవీ1 అనే వేడి ఛానెల్ కనిపెట్టాడు. దాదాపు 43 డిగ్రీలు దాటితే తెరుచుకునే ఛానెల్‌నే మన గుంటూరు కారం కూడా తెరుస్తుంది, అందుకే నోరు "మండింది" అంటాం, మెదడుకి నిజంగానే అది వేడి. ఆవకాయ తినేవాళ్ళకి ఈ బహుమతిలో వాటా రావాలని అప్పట్లో మా ఆఫీసులో ఒక తమిళ తంబితో వాదించా.

పటపూటియన్ కథ కూడా బాగుంటుంది. బీరూట్‌లో పుట్టిన ఆర్మీనియన్, అంతర్యుద్ధం రోజుల్లో పెరిగి 1986లో అమెరికా వచ్చాడు. నోబెల్ వాళ్ళు తెల్లవారుజామున ఫోన్ చేస్తే ఈయన ఫోన్ సైలెంట్‌లో ఉంది, చివరికి 94 ఏళ్ళ తండ్రిని పట్టుకుని ఆయన ద్వారా కబురు చెప్పారు.

అనుమానాలపుట్ట

> పొరలో బిగువే దానికి సిగ్నల్

మేడమ్, ఇక్కడే నాకు ఆగిపోయింది. తాళంచెవి లాంటిదేమీ లేకుండా ఊరికే సాగితే ఎలా తెరుచుకుంటుంది?

పీహెచ్‌డీ_బాధితురాలు

ఆకారంలో ఉంది కిటుకంతా. 2015 నుంచి 2018 మధ్య క్రయో ఎలక్ట్రాన్ మైక్రోస్కోపీతో దాని రూపం బయటపడింది, చూసి అందరూ నోరెళ్ళబెట్టారు. మూడు ఒకేలాంటి ముక్కలు కలిసి మూడు రెక్కల ఫ్యాన్‌లా ఉంటుంది. ఒక్కో ముక్కలో సుమారు 2500 అమైనో ఆమ్లాలు, పొరని 38 సార్లు దాటుతుంది, అంటే మొత్తం 114 సార్లు. మనకి తెలిసిన ఛానెళ్ళలో ఇంతసార్లు పొర దాటేది ఇంకోటి లేదు.

విచిత్రం ఏంటంటే ఆ రెక్కలు చదునుగా ఉండవు, వంగి ఉంటాయి. దాంతో చుట్టూ ఉన్న కణపొర కూడా వంగి అక్కడ ఒక గుంట ఏర్పడుతుంది. కణాన్ని నొక్కినా లాగినా పొర బిగుస్తుంది, బిగిసిన పొర ఆ గుంటని చదును చెయ్యాలని చూస్తుంది, రెక్కలు విచ్చుకుంటాయి, మధ్యలో రంధ్రం తెరుచుకుంటుంది. సోడియం, కాల్షియం అయాన్లు లోపలికి దూసుకొస్తాయి. ఇదంతా కొన్ని మిల్లీ సెకన్ల పని. పీజో2 అయితే తెరుచుకున్నంత వేగంగానే, పది మిల్లీ సెకన్ల లోపే, నొక్కు ఇంకా ఉన్నా సరే మూసుకునే దారి పడుతుంది.

తర్వాతిది పాత కథే. అయాన్లు తగినంత వస్తే నరం ఒక స్పైక్, అంటే ఒక చిన్న కరెంటు కుదుపు, కొడుతుంది. గట్టిగా నొక్కితే పెద్ద స్పైక్ రాదు, ఎక్కువసార్లు వస్తుంది. ఇది 1926 నాటికే ఎడ్గర్ ఏడ్రియన్ కేంబ్రిడ్జ్‌లో చూపించాడు, 1932లో నోబెల్ కూడా వచ్చింది. ఆయనకి నరం భాష తెలుసు గానీ నోరు ఎక్కడుందో తెలియదు. ఆ నోరు దొరకడానికి ఇంకో 84 ఏళ్ళు పట్టింది.

మర్మకళ_మూర్తి

ఇవన్నీ మనవాళ్ళు ఎప్పుడో చెప్పారు. అరికాల్లో శరీరంలోని ప్రతి అవయవానికీ ఒక బిందువు ఉంటుంది, అది నొక్కితే ఆ అవయవం మేల్కొంటుంది. అమ్మగారికి ముళ్ళ రోలర్ కొని రోజూ అరికాళ్ళ కింద తిప్పించండి, తిమ్మిర్లు పోతాయి. పొద్దున్నే చెప్పుల్లేకుండా గడ్డి మీద నడక కూడా. విదేశాల వాళ్ళు నోబెల్ ఇస్తే తప్ప మనం నమ్మం.

ఫిజియో_సునంద

మూర్తి గారూ, మీ అభిమానం అర్థమైంది కానీ ఆ రోలర్ సలహా దయచేసి వెనక్కి తీసుకోండి. స్పర్శ తగ్గిన షుగర్ కాలికి ముళ్ళ రోలర్ ఇస్తే గుచ్చుకున్నది తెలియదు, చర్మం చిట్లినా తెలియదు, రక్తం మేజోడుకి అంటుకున్నాక తెలుస్తుంది. నా దగ్గరికి వచ్చే పుళ్ళలో సగం ఇలాంటివే. వేడినీళ్ళ బకెట్‌లో పాదాలు పెట్టి బొబ్బలు తెచ్చుకున్నవాళ్ళు, మధ్యాహ్నం ఎండలో గుడి రాతి నేల మీద ప్రదక్షిణాలు చేసి అరికాలు కాల్చుకున్నవాళ్ళు, చెప్పులో చీల దిగి ఉంటే రోజంతా అలాగే నడిచినవాళ్ళు. గడ్డి మీద నడక ఆరోగ్యవంతులకి హాయి. స్పర్శ లేని కాలికి వద్దు.

నొక్కితే, రుద్దితే హాయిగా ఉంటుందన్నది మాత్రం నిజమే, దానికి మర్మ బిందువు అక్కర్లేదు. మోకాలు తలుపుకి తగలగానే గబగబా రుద్దుకుంటాం కదా. లావు నరాల్లో వెళ్ళే స్పర్శ సంకేతాలు వెన్నుపాములో నొప్పి సంకేతాల్ని కొంత అణిచేస్తాయని 1965లో మెల్జాక్, వాల్ ప్రతిపాదించారు, గేట్ సిద్ధాంతం అంటారు. వివరాల్లో తర్వాత చాలా సవరణలొచ్చాయి గానీ మా క్లినిక్‌లో నొప్పికి చర్మం మీద సన్న కరెంటు ఇచ్చే టెన్స్ మెషిన్ పెట్టడానికి మూలం ఆ ఆలోచనే. పీజో2 చర్మమంతా ఉంది, కాలేయానికో చోటు, కిడ్నీకో చోటు అని పంచుకోలేదు.

గోదారిగట్టు గారూ, అమ్మగారి విషయంలో చెయ్యాల్సింది: రోజూ రాత్రి అరికాళ్ళు అద్దంలో చూసుకోవాలి, లేదా మీరే చూడండి. చెప్పులు వేసుకునే ముందు లోపల చెయ్యి పెట్టి తడమాలి. నీళ్ళ వేడి పాదంతో కాదు, మోచేతితో చూడాలి. బాత్రూంలో పట్టుకునే కడ్డీ ఒకటి బిగించండి, మొహం కుర్చీలో కూర్చుని కడుక్కోమనండి, రాత్రి దారిలో చిన్న లైటు వదిలేయండి. రక్త పరీక్షల్లో బీ12 ఉందో లేదో చూడండి. మెట్‌ఫార్మిన్ ఏళ్ళ తరబడి వాడేవాళ్ళలో, పైగా శాకాహారులైతే, బీ12 తగ్గి వెన్నుపాము వెనక భాగంలోని ఈ దారే దెబ్బతింటుంది. లక్షణాలు అచ్చం ఇవే.

గోదారిగట్టు

సునంద గారూ, చాలా థాంక్స్. మేం మాంసం ముట్టని ఇల్లే. రిపోర్టు ఇప్పుడే వచ్చింది, బీ12 బాగా తక్కువ ఉంది. ఇంజెక్షన్లు మొదలుపెడదాం, కొంతవరకు తిరిగి రావచ్చు, షుగర్ వల్ల పోయింది మాత్రం అంత తేలిగ్గా రాదు అన్నారు. కడ్డీ బిగించడానికి రేపు మేస్త్రీ వస్తున్నాడు. ఈ స్పర్శ పూర్తిగా లేకుండా పుట్టినవాళ్ళు ఉంటారా? ఉంటే ఎలా బతుకుతారు?

ఫిజియో_సునంద

ఉన్నారు. పీజో2 జీన్ రెండు కాపీలూ పనిచెయ్యని మనుషులు. చాలా అరుదు. అమెరికాలో జాతీయ ఆరోగ్య సంస్థ ఎన్ఐహెచ్‌లో అలెక్స్ చెస్లర్, కార్స్టెన్ బొన్నెమాన్ బృందం ఇద్దరు అమ్మాయిల్ని పరీక్షించి 2016లో రాశారు. వాళ్ళకి ట్యూనింగ్ ఫోర్క్ అదురు తెలియదు. కళ్ళు మూసి వేలిని పైకి వంచారా కిందికి వంచారా అంటే చెప్పలేరు. కళ్ళకి గంతలు కడితే నడవలేక పడిపోబోయారు, ఎదురుగా ఉన్న వస్తువుని ముట్టుకోమంటే చెయ్యి దారి తప్పింది. వెన్ను వంకర, కీళ్ళ బిగుతు కూడా ఉన్నాయి, ఎదిగే వయసులో ఎముకలు కుదురుకోవాలన్నా ఈ సమాచారం కావాలని దాన్నిబట్టి తెలుస్తోంది. కానీ నొప్పి, దురద, వేడి, చలి మామూలుగానే తెలుస్తాయి! గోదారిగట్టు గారి అమ్మగారి "చల్లగా ఉంది బాబూ" ఇక్కడ గుర్తొచ్చింది నాకు.

దీనికంటే పాత కేసు ఒకటి ఇంగ్లండ్‌లో. ఇయాన్ వాటర్‌మన్. మాంసం దుకాణంలో పనిచేసేవాడు. 1971లో, 19 ఏళ్ళ వయసులో ఒక జ్వరం తర్వాత మెడ కింద స్పర్శ, కీళ్ళ స్థితి తెలిసే నరాలన్నీ పోయాయి. కండరాలకి బలం ఉంది, పక్షవాతం లేదు, కానీ లేచి కూర్చోలేడు, చేతులు వాటంతటవే ఎటో తేలిపోతుండేవి. ప్రతి కదలికనీ కళ్ళతో చూస్తూ, ముందే ఆలోచించుకుంటూ మళ్ళీ నడవడం నేర్చుకున్నాడు. ఏళ్ళు పట్టింది. నడుస్తుండగా కరెంటు పోతే కుప్పకూలిపోయేవాడు. గుడ్డు పట్టుకోవాలన్నా ఎంత గట్టిగా పట్టుకోవాలో చూసి, లెక్కేసుకుని పట్టుకోవాల్సిందే. నా స్టూడెంట్స్‌కి "కదలలేకపోతే అది బలం పోవడమే" అనే మాట వదిలించడానికి ఈ కేసే చెప్తాను.

వీణ_విద్యార్థిని

వాటర్‌మన్ గురించి చదివి కాసేపు అలాగే ఉండిపోయా. నాదో చిన్న సందేహం. వీణ వాయించి వాయించి ఎడమ చేతి వేళ్ళ కొసలు కాయలు కాశాయి, అయినా తీగ మీద గమకం లాగేటప్పుడు వెంట్రుక వాసి తేడా కూడా తెలుస్తుంది. చర్మం మందమైతే స్పర్శ తగ్గాలి కదా?

జువాలజీ_మాస్టారు

అమ్మాయ్, వేలికొసలో ఒక్క రకం గ్రాహకం కాదు, కనీసం నాలుగు ఉన్నాయి. మెర్కెల్ కణాలు ఆకారాన్నీ అంచుల్నీ పడతాయి. మైస్నర్ దేహాలు జారుడునీ నెమ్మది కంపనాన్నీ, రుఫీని చర్మం సాగుడునీ పడతాయి. పచీనీ దేహాలు లోతుగా ఉంటాయి, మిల్లీమీటరు దాకా పొడుగు, కోసి చూస్తే కంటికే కనపడతాయి. మేం డిసెక్షన్‌లో చూపించేవాళ్ళం. పొరలు పొరలుగా ఉంటుంది, ఆ పొరలు నిలకడ నొక్కుని జారవిడిచి వేగమైన కంపనాన్నే లోపలి నరానికి చేరవేస్తాయి. 200 నుంచి 300 హెర్ట్జ్ దగ్గర దానికి పదును ఎక్కువ. నీ తీగ అదురు పైచర్మం కాయ కాసినా ఎముక, కణజాలం గుండా దానికి చేరుతుంది. పైగా గమకంలో సగం సమాచారం వేలి చర్మం నుంచి కాదు, వేలిని లాగే ముంజేతి కండరాల నుంచి వస్తోంది.

ఇంట్లో సరదాగా చూడాలంటే రెండు టూత్‌పిక్‌లు దగ్గరగా పట్టుకుని, కళ్ళు మూసుకున్నవాళ్ళ వేలికొస మీద ఆనించండి. రెండు మూడు మిల్లీమీటర్ల దూరంలో ఉన్నా "రెండు" అంటారు. వీపు మీద నాలుగు సెంటీమీటర్ల దూరం పెట్టినా చాలామంది "ఒకటే" అంటారు. ఒక అరచేతిలో దాదాపు 17 వేల స్పర్శ నరాల యూనిట్లు ఉన్నాయని స్వీడన్‌లో యోహాన్సన్, వాల్బో లెక్కగట్టారు, అవి బాగా ఒత్తుగా ఉండేది వేలికొసల్లోనే.

అనుమానాలపుట్ట

ఇప్పుడే మా తమ్ముడి వీపు మీద టూత్‌పిక్‌లు పెట్టా. ఒకటే అన్నాడు. తర్వాత తిట్టాడు.

ఇంకోటి. కాలు మడిచి కూర్చుంటే తిమ్మిరెక్కుతుంది కదా, అది కూడా పీజోనేనా? ఎక్కువ నొక్కాం కాబట్టి ఎక్కువ తెరుచుకుని?

పీహెచ్‌డీ_బాధితురాలు

కాదు. అది గ్రాహకం దగ్గర జరిగేది కాదు, నరం దారి మధ్యలో నలిగి, దానికి రక్తం సరిగా అందక సంకేతాలు ఆగిపోవడం. కాలు చాపాక నరం తేరుకుంటూ ఉండగా ఎవరూ ముట్టుకోకుండానే ఇష్టమొచ్చినట్టు స్పైకులు కొడుతుంది, అవే చీమలు పాకినట్టు అనిపించేవి.

పీజో2 చేసే పని చర్మంతో అయిపోదు, ఇది చాలామందికి తెలియదు. ఊపిరితిత్తి నిండగానే "ఇక చాలు" అని మెదడుకి చెప్పే సాగు నరాలున్నాయి, వాటిలోనూ అదే. పీజో2 పూర్తిగా లేని ఎలుక పిల్లలు పుట్టగానే ఊపిరి అందక చచ్చిపోతాయి. మెడలో రక్తనాళం సాగుని బట్టి బీపీని కనిపెట్టే నరాల్లో పీజో1, పీజో2 రెండూ కలిసి పనిచేస్తాయి, 2018లో ఎలుకల్లో చూపించారు. మూత్రాశయం నిండిందని చెప్పేదీ పీజో2నే. ఆ జీన్ పనిచెయ్యని మనుషులు వెళ్ళాలనిపించి వెళ్ళరు, టైం పెట్టుకుని వెళ్తారు. 2020లో ఈ సంగతి వచ్చినప్పుడు మా ల్యాబ్‌లో టీ తాగుతూ అందరం దాని గురించే మాట్లాడుకున్నాం.

పీజో1 అయితే నరాల కంటే రక్తనాళాల లోపలి పొరలో, ఎర్ర రక్త కణాల్లో ఎక్కువ. సన్న కేశనాళికలోంచి ఎర్రకణం నలుగుతూ దూరేటప్పుడు తెరుచుకుని కణం నీటి పాళ్ళని సర్దుతుంది. ఇది మూసుకోవాల్సిన వేగంలో మూసుకోకపోతే కణం ఎండిపోతుంది, అదొక వంశపారంపర్య రక్తహీనత. కానీ ఆఫ్రికన్ మూలాలున్నవారిలో దాదాపు మూడో వంతు మందికి పీజో1లో అలాంటి తేలికపాటి మార్పు ఒకటి ఉంది. ఆ మార్పున్న ఎర్రకణాల్లో మలేరియా క్రిమి సరిగా పెరగదని ప్రయోగశాలలో తేలింది.

జువాలజీ_మాస్టారు

ఈ విద్య నరాలతో మొదలైంది కాదని కూడా ఎవరైనా చెప్తారేమోనని చూస్తున్నా, సరే నేనే చెప్తా. ఈ.కోలై బాక్టీరియాకి నరాలు ఎక్కడివి? ఉప్పునీటిలోంచి ఒక్కసారిగా వాననీటిలో పడిందంటే లోపలికి నీరు తోసుకొచ్చి పగిలిపోవాలి. పగలదు. పొర చిరిగేంత బిగువు రాగానే తెరుచుకునే ఛానెళ్ళు దానికున్నాయి. అవి లోపలి లవణాల్ని బయటికి వదిలేసి ప్రాణం కాపాడతాయి. 1987లో విస్కాన్సిన్‌లో చింగ్ కుంగ్, బోరిస్ మార్టినాక్ వాటి కరెంటుని కొలిచారు.

ఇంకా ముచ్చటైనది నులిపురుగు కథ. మిల్లీమీటరు పొడుగు పురుగు, సీ. ఎలిగాన్స్. మార్టిన్ ఛాల్ఫీ టూత్‌పిక్ కొసకి కనుబొమ వెంట్రుక ఒకటి అంటించి, దానితో వేలకొద్దీ పురుగుల్ని నిమిరి, ఏది వెనక్కి జరగదో వాటిని ఏరి స్పర్శ జీన్లు పట్టాడు. వాటిల్లోంచే ఒక ఛానెల్ బయటపడింది, అది పీజో కుటుంబం కాదు, వేరే జాతి. ఇదే ఛాల్ఫీ జెల్లీఫిష్ ఆకుపచ్చ ప్రోటీన్‌ని మొదట వెలిగించి చూపిన జంతువు ఈ పురుగే, వెలిగినవి దాని స్పర్శ నరాలే. 1994లో. 2008లో ఆయనకి నోబెల్ వచ్చింది ఆ వెలుగుకి, స్పర్శకి కాదు. మా రోజుల్లో ల్యాబ్ పరికరాలకి నిధులు లేవని ఏడ్చే కుర్ర లెక్చరర్లకి నేను ఆ కనుబొమ వెంట్రుక గురించి చెప్పేవాణ్ణి.

డల్లాస్_బావ

చెవి సంగతేంటి మాస్టారూ, అదీ అదురే కదా, అక్కడా పీజోనేనా?

పీహెచ్‌డీ_బాధితురాలు

కాదండీ, వినికిడికి వేరే సెట్టు. లోపలి చెవిలో రోమకణాలకి మెట్లు మెట్లుగా సన్నటి రోమాలుంటాయి, పొట్టి రోమం కొస నుంచి పొడుగు రోమానికి ఒక ప్రోటీన్ దారం కట్టి ఉంటుంది. శబ్దానికి రోమాలు వంగితే దారం బిగుసుకుని టీఎంసీ1 అనే ఛానెల్‌ని లాగి తెరుస్తుంది. అక్కడ పొర సాగడం కంటే ఈ దారం లాగడం ముఖ్యం. చెవికి పదహారు వేల దాకా రోమకణాలు, పోతే మనిషిలో మళ్ళీ పుట్టవు. ఇయర్‌ఫోన్స్ ఫుల్ సౌండ్‌లో పెట్టుకునేవాళ్ళు ఇది రెండుసార్లు చదవండి.

వీణ_విద్యార్థిని

చివరగా ఒకటి. ఎండకి కమిలిన భుజం మీద చొక్కా తగిలినా మంట పుడుతుంది. తగిలింది చొక్కాయే, నొక్కేదేమీ లేదు, మరి నొప్పి ఎక్కడిది? ఆ పీజో2ని మూసేసే మందు రాస్తే నొప్పి పోతుందా?

పీహెచ్‌డీ_బాధితురాలు

సరిగ్గా ఇదే ప్రశ్న మీద 2018లో రెండు పేపర్లు వచ్చాయి. మంట, వాపు ఉన్నచోట మామూలు స్పర్శే నొప్పిగా మారడానికి పీజో2 కావాలి. ఆ జీన్ లేని మనుషుల చర్మం మీద క్యాప్సైసిన్ రాసి దూదితో నిమిరితే వాళ్ళకి ఆ నొప్పి రాలేదు. మనకైతే చురుక్కుమంటుంది. కాబట్టి ఆలోచన మంచిదే. కానీ మాత్రగా మింగించారనుకోండి, ఊపిరి, బీపీ, మూత్రం, నిలబడటం, అన్నిటికీ ఎసరు. పైపూతగా, ఆ కమిలిన చోటు వరకే పనిచేసేలా ఉండాలి. సాలీడు విషంలోంచి తీసిన జీఎస్ఎంటీఎక్స్4 అనే పెప్టైడ్ (చిన్న ప్రోటీన్ ముక్క) ఇలాంటి ఛానెళ్ళని అడ్డుకుంటుంది గానీ అది ల్యాబ్ పనిముట్టు, మందు కాదు.

కానీ అదే మనుషులకి సూది గుచ్చితే మాత్రం "అబ్బా" అంటారు. అంటే పదునైన నొప్పిని పట్టేది పీజో2 ఒక్కటే కాదు, ఇంకేదో కూడా ఉంది. అది ఏదన్న విషయంలో కొన్ని ప్రతిపాదనలు వచ్చాయి, కొన్ని వీగిపోయాయి, అందరూ ఒప్పుకున్న జవాబు లేదు.

అనుమానాలపుట్ట

అంటే 73వ జీన్ కోసం ఎవరో ఇప్పుడు పొడుస్తూ ఉండి ఉంటారన్నమాట.

పీహెచ్‌డీ_బాధితురాలు

ఉండి ఉండటం ఏంటి తమ్ముడూ, ఇటు మేం కూడా పొడుస్తున్నాం. సోమవారం ల్యాబ్ మీటింగ్ ఉంది, రిజల్ట్ ఏమీ రాలేదు, స్లైడ్లు చేసుకోవాలి. ఉంటా.